బండి పరుగు ఎక్కడికి పోతుంది?

పిల్లలూ, మీరు సైకిలు తొక్కుకుంటూ పోతున్నారనుకోండి. దారికి అడ్డంగా ఒక మేకపిల్ల వచ్చింది. మీరు టక్కున బ్రేకు పట్టారు. సైకిలు ఆగింది, మేకపిల్ల బతికింది. బాగానే ఉన్నది. కాని అంతవరకు సైకిలుకు ఉండిన పరుగు ఏమయింది? ఎక్కడికి పోయింది?

నేను ముప్పై అయిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. ఈ ప్రశ్నకు జవాబు నల్లబల్ల మీద ఎన్నోసార్లు రాశాను. అయితే ఆ జవాబు నా అరచేతికి తగిలింది మాత్రం ఉద్యోగం విరమించిన తరువాతనే. ఆ సంగతి చెబుతాను, వినండి.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. మా జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 55 సెంటీమీటర్లు. అదయినా వేళకు కురుస్తుందన్న నమ్మకం లేదు. మా తమ్ముని కొడుకు వేరుశనగ వేస్తాడు. అతనికి ఒక పాత చిన్న లారీ కూడా ఉన్నది. పంట పండిన ఏడు ఆ లారీ కాయలు మోస్తుంది. పండని ఏడు గడ్డి, నీళ్ళ పీపాలు మోసి ఇల్లు నడుపుతుంది.

కార్తీక మాసంలో ఒకనాటి సాయంకాలం, నలభై మూటల కాయలు వేసుకుని ఆ లారీ మా ఊరి చెరువుకట్ట దిగుతున్నది. ఉన్నట్టుండి వెనుక చక్రాల నుంచి ఇనుము ఒరసుకున్నట్టు కీచుమని చప్పుడు వచ్చింది. మావాడు బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు. అయినా బండి వేగం తగ్గక, ఎడమ ప్రక్కకు లాగుతూ పోయి, కట్ట క్రింద ఉన్న మా కళ్ళం గట్టును తాకి ఆగింది. ఆ వేళకు మలుపులో ఎవరూ లేరు కనుక సరిపోయింది. రోజూ బడి వదిలిన పిల్లలు వచ్చే దారి అదే!

"పెద్దనాయనా, తెల్లవారి మెల్లగా గేరులో నడుపుకుంటా టౌనుకు పోయి చూపించుకొని వస్తా," అన్నాడు మావాడు.

"నిలబడని బండిని ముప్పై కిలోమీటర్లు ఎట్లా నడుపుతావురా?" అన్నాను నేను.

అనంతపురంలో నాకు తెలిసిన మేస్త్రీ ఒకడున్నాడు. ఎనిమిదవ తరగతిలో పాస్కల్ సూత్రం అప్పగించలేక నా చేత మొట్టికాయలు తిన్నవాడే. ఫోను చేస్తే, "బండిని కదిలించొద్దండి సార్. ఏ సంవత్సరం బండో చెప్పండి. సామాన్లు తీసుకొని నేనే వస్తా," అన్నాడు. మరునాడు పొద్దున మొదటి బస్సుకే దిగాడు.

బండి బాగుచేయటానికి ముందు బ్రేకు ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాము. వెనుకటికి ఎద్దుల బండి దిగుడు దిగేటప్పుడు చక్రానికి ఒక కట్టె ఒరసుకునేలా తాడుతో బిగించేవారు. లారీ బ్రేకు కూడా దానికి చుట్టమే. అయితే ఇది చక్రం లోపల దాగి ఉంటుంది. చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ము ఒకటి ఉన్నది. చూడటానికి బోర్లించిన పెద్ద గిన్నెలాగా ఉంటుంది. దాని లోపల నెలవంకల వంటి రెండు ముక్కలు, తిరగకుండా, ఎదురెదురుగా ఉంటాయి. వీటిని షూలు అంటారు. షూ వీపున గరుకైన పట్టీ అతికించి ఉంటుంది. అది లైనింగు. డ్రైవరు బ్రేకు తొక్కగానే షూలు రెండూ విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడను పట్టుకుంటాయి. కాలు తీయగానే స్ప్రింగులు వాటిని వెనక్కు లాగుతాయి. ఈ డ్రమ్ము బ్రేకును 1902లో ఫ్రాన్సు దేశపు లూయీ రెనో వాడుకలోకి తెచ్చాడు.

కాలి బలం అంత దూరాన ఉన్న షూకు ఎలా చేరుతుంది? ఇక్కడే పాస్కల్ వస్తాడు. 1623లో పుట్టి, 39 ఏళ్ళకే చనిపోయిన ఈ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని ప్రక్కలకూ సమానంగా పోతుందని చెప్పాడు. ఒక చదరపు సెంటీమీటరు పిస్టన్‌ను 10 కిలోల బరువుతో నొక్కామనుకోండి. గొట్టం రెండవ కొసన 4 చదరపు సెంటీమీటర్ల పిస్టన్ ఉంటే, అది 40 కిలోల బలంతో నెడుతుంది. మా చిన్న లారీలో గొట్టాల నిండా బ్రేకు ఆయిలు ఉంటుంది. పెద్ద లారీలలో ఈ పని గాలి ఒత్తిడి చేస్తుంది. లారీ ఆగినప్పుడు "తుస్సు"మనే చప్పుడు మీరు విన్నారు గదా, అది ఆ గాలే.

ఇక పని మొదలయింది. కళ్ళం గట్టిగా, చదునుగా ఉన్నది. అటువంటి చోటనే ఈ పని చేయాలి. మూటలన్నీ దించాము. పన్నెండేళ్ళ మా మనవడు ముందు చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు అడ్డం పెట్టాడు. చేతి బ్రేకు వెనుక షూలనే పట్టి ఉంచుతుంది. దానిని వదలకపోతే డ్రమ్ము ఊడిరాదు. వదిలితే బండి దొర్లవచ్చు. అందుకే ఆ రాళ్ళు.

చక్రం నట్లను నేల మీద ఉండగానే కొంచెం వదులు చేశారు. తరువాత జాకీ క్రింద పలక వేసి బండిని ఎత్తారు. మా ఊళ్ళో బండలకు కరువు లేదు. మావాడు రెండు బండలు తెచ్చి ఇరుసు క్రింద పెట్టబోయాడు. మేస్త్రీ చేయి పట్టుకుని ఆపాడు.

"వద్దన్నా. బండ పైకి గట్టిగానే కనిపిస్తుంది. బరువు పడితే చెప్పకుండా పగులుతుంది," అంటూ తాను తెచ్చిన ఇనుప స్టాండ్లను ఇరుసు క్రింద నిలిపాడు. జాకీ ఎత్తటానికే గాని మోయటానికి కాదు. వట్టి జాకీని నమ్మి బండి క్రింద ఎవరూ దూరకూడదు. ఇది గుర్తుంచుకోండి.

ఎడమ చక్రాలు ఊడదీశారు. డ్రమ్ము తుప్పుకు పట్టుకుని కదలలేదు. దానికి రెండు చిన్న మరబొక్కలు ఉన్నాయి. వాటిలో రెండు బోల్టులు పెట్టి ఒకసారి దీనిని, ఒకసారి దానిని బిగిస్తూ పోతే, డ్రమ్ము తనంత తానే ముందుకు వచ్చింది. లోపలంతా నల్లటి పొడి!

మావాడు నోటితో ఊదబోయాడు. మేస్త్రీ మళ్ళీ ఆపాడు. పాత లైనింగులలో రాతినార కలిపేవారు. రాతినార అంటే రాతిలో దొరికే నార. నిప్పుకు కాలదు. మా ప్రక్కనున్న కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు దీనిని తవ్వేవారు. దాని పొడి ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ళ తరువాత కాన్సరు వంటి జబ్బులు వస్తాయి. పాత బండిలో ఏ లైనింగు ఉన్నదో చూపుకు తెలియదు. కనుక ఊదకూడదు, పొడి గుడ్డతో దులపకూడదు. మేస్త్రీ మూతికి మాస్కు కట్టుకుని, మమ్మల్ని దూరంగా నిలబెట్టి, నీళ్ళు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో వేసి మూట కట్టాడు.

అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఎడమ ప్రక్క లైనింగు పూర్తిగా అరిగిపోయి, దానిని షూకు పట్టించిన రివెట్లే డ్రమ్మును గీస్తున్నాయి. ఆ కీచుమనే చప్పుడు అదే. డ్రమ్ము లోపల గీతలు పడ్డాయి. గోరుతో రాస్తే తగులుతున్నాయి.

మేస్త్రీ ఎడమ ప్రక్కను మళ్ళీ కూర్చిన తరువాతనే కుడి ప్రక్క విప్పుతానన్నాడు. స్ప్రింగులు ఏది ఎక్కడిదో సందేహం వస్తే రెండవ ప్రక్కకు పోయి చూసుకోవచ్చు. మా మనవడు అది చాలదని, నోటు పుస్తకంలో బొమ్మ కూడా గీసుకున్నాడు. పాత షూలు తీసి కొత్తవి పెట్టారు. స్ప్రింగులు చాలా బిగువైనవి. చేయి జారితే కంటికి తగులుతాయి. అందుకని మేస్త్రీ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

తరువాత కుడి ప్రక్క విప్పారు. అక్కడి లైనింగు మందంగానే ఉన్నది.

"ఇది బాగుంది గదా! దీన్నెందుకు మార్చటం? దుడ్డు దండగ," అన్నాడు మావాడు.

మేస్త్రీ ఆ లైనింగు మీద వేలు రాసి చూపించాడు. వేలు తడిగా మెరిసింది. షూలను నెట్టే చిన్న సిలిండరులో రబ్బరు పాడై, ఆయిలు కారి, లైనింగు తడిసిపోయింది. "మందం ఉంది గాని పట్టు లేదన్నా," అన్నాడు. కుడి చక్రం జారిపోతుంటే ఎడమ చక్రమొక్కటే పట్టుకున్నది. బండి ఎడమకు లాగింది అందుకే. కారే సిలిండరును అలాగే ఉంచి కొత్త షూలు పెడితే అవీ తడుస్తాయి. కాబట్టి సిలిండరు మార్చారు. షూలు ఎప్పుడూ రెండు ప్రక్కలా ఒకేసారి మార్చాలి. లేకపోతే ఒక ప్రక్క ఎక్కువ, ఒక ప్రక్క తక్కువ పట్టుకుంటాయి.

డ్రమ్ములు రెంటినీ మధ్యాహ్నం బస్సులో అనంతపురం పంపి, లేతు మిషను మీద నునుపు చేయించాము. డ్రమ్ము ఎంతవరకు పెద్దది కావచ్చునో, చాలా డ్రమ్ముల మీద అంకె పోసి ఉంటుంది. అది దాటితే కొత్తది కొనవలసిందే. మావి దాటలేదు. కాని ఒక రోజు గడిచిపోయింది. మండీలో ధర తగ్గుతుందేమోనని మావాడికి లోలోపల ఆత్రంగా ఉన్నది.

రెండవనాడు డ్రమ్ములు ఎక్కించి, చక్రాలు పెట్టారు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ, షూ డ్రమ్ముకు కొంచెం ఒరసేవరకు మర బిగించి, మళ్ళీ చక్రం హాయిగా తిరిగేంత వదిలారు. మావాడు సీటులో కూర్చుని బ్రేకు తొక్కాడు. పెడలు మెత్తగా, దూది మీద కాలు వేసినట్టు, అడుగుదాకా పోయింది!

మేస్త్రీ నా వంక చూసి నవ్వాడు. "సార్, ఇప్పుడు చెబుతా పాస్కల్ సూత్రం. ఆయిలు అణగదు, గాలి అణుగుతుంది. సిలిండరు మార్చినప్పుడు లోపలికి గాలి చేరింది. మనం తొక్కే బలమంతా ఆ బుడగను నలపటానికే సరిపోతోంది."

నా మొట్టికాయలకు వడ్డీతో సహా జవాబు వచ్చింది!

గాలి తీయటం ఇలాగ: చక్రం వెనుక ఉన్న చిన్న మూతికి పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండవ కొసను ఆయిలు ఉన్న సీసాలో ముంచారు. మావాడు పెడలు తొక్కిపట్టగానే మేస్త్రీ మూతి వదులు చేస్తాడు. ఆయిలుతో పాటు బుడగలు వస్తాయి. మూతి బిగించిన తరువాతనే కాలు తీయాలి. ముందే తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. పైన డబ్బాలో ఆయిలు తగ్గకుండా పోస్తూ ఉండాలి. అది బ్రేకు ఆయిలే కావాలి. ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

బుడగలు చూసే పని మా మనవడిది. పది సార్లయింది. "ఇక చాలు లేరా," అన్నాడు మావాడు.

"లేదు చిన్నాయనా, ఇంకొకటి వచ్చింది!"

మళ్ళీ తొక్కారు. ఇంకొకటి వచ్చింది. ఆ తరువాత రాలేదు. అయినా ఇంకా రెండుసార్లు చూసి, మిగిలిన చక్రాల దగ్గర కూడా అలాగే చేశారు. ఇప్పుడు పెడలు రాయిలాగా గట్టిగా నిలిచింది. ఆ మెత్తటి పెడలుతోనే చెరువుకట్ట ఎక్కి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

మొదట కళ్ళంలోనే నడక వేగంతో నడిపి ఆపి చూశారు. తరువాత చదునైన రోడ్డు మీద కొంచెం వేగంగా నడిపి, నాలుగైదు సార్లు ఆపారు. బండి వంకర పోకుండా తిన్నగా నిలిచింది. తిరిగి వచ్చిన తరువాత మేస్త్రీ, "సార్, డ్రమ్ము దగ్గర చేయి పెట్టి చూడండి. తాకకండి సుమా!" అన్నాడు. పెట్టాను. పొయ్యి దగ్గర పెట్టినట్టు వేడి తగిలింది.

పిల్లలూ, మన ప్రశ్నకు జవాబు అదే! బండి పరుగు ఎక్కడికీ మాయం కాలేదు. ఒరపిడి వల్ల వేడిగా మారింది. అది ఎంత వేడి? సరుకుతో సహా 5 టన్నుల లారీ గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆగితే, దాదాపు రెండు లీటర్ల నీళ్ళు కాగి మరుగు పట్టేంత వేడి పుడుతుంది. వేగం సగానికి, అంటే 27కు, తగ్గితే ఆ వేడి సగం కాదు, నాలుగో వంతే! అరలీటరు నీళ్ళకు మాత్రమే చాలుతుంది. అందుకనే బుద్ధిమంతుడైన డ్రైవరు దిగుడు మొదలు కాకముందే చిన్న గేరు వేసుకుంటాడు.

మీరూ ఒకటి చేసి చూడండి. సూది లేని సిరంజీలు రెండు, ఒకటి లావుది, ఒకటి సన్నది, తీసుకోండి. రెంటినీ సన్నని గొట్టంతో కలిపి, బుడగ లేకుండా నీళ్ళు నింపండి. సన్నదానిని మీరు నొక్కండి, లావుదానిని మీ స్నేహితుణ్ణి ఆపమనండి. ఎవరు గెలుస్తారో చూడండి. తరువాత కొంచెం గాలి చేర్చి మళ్ళీ నొక్కండి. మా పెడలు ఎందుకు మెత్తబడిందో మీ బొటనవేలికే తెలుస్తుంది. జాకీలు, స్ప్రింగులు మాత్రం పెద్దవాళ్ళకు వదిలిపెట్టండి. వాళ్ళ ప్రక్కన నిలబడి బుడగలు లెక్కపెట్టండి. అది చిన్న పనేమీ కాదు.

మూడవనాడు నలభై మూటలూ ఎక్కించుకుని లారీ మండీకి బయలుదేరింది. చెరువుకట్ట ఎక్కింది, అవతలి ప్రక్క చిన్న గేరులో దిగింది. ఎదురుగా బడి పిల్లలు వస్తున్నారు. మావాడు బండి ఆపి, వాళ్ళందరూ దాటిపోయిన తరువాత మళ్ళీ కదిలించాడు.