చలికాలంలో జెల్లల వేట

మా ఇల్లు యానాం, అమ్మ పుట్టిల్లు పుదుచ్చేరి. మీసాల చేపని నాన్న జెల్ల అంటారు, అమ్మ కెళుత్తి అంటుంది. గాలం వెయ్యడం మాత్రం నేను తాతయ్య దగ్గర నేర్చుకున్నాను.

ముడి: దారం కొసని గాలం కంటిలోంచి తీసి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు వెయ్యాలి. కొసని కంటి పక్కన ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి దూర్చి, ఉమ్ముతో తడిపి మెల్లగా బిగించాలి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి నైలాన్ దారం బలం తగ్గిపోతుంది.

ఎర: జెల్ల చూపుతో కన్నా మీసాలతో, వాసనతో తిండి వెతుక్కుంటుంది. అందుకే వానపాములు, కోడి పేగులు, రొయ్య ముక్కలు మంచివి.

చలి: నీళ్లు చల్లబడితే చేపకి అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. లోతు గుంటల్లో కదలకుండా ఉంటుంది. కాబట్టి ఎర చిన్నదిగా గుచ్చి, అడుగున ఆనించి, ఓపిగ్గా కూర్చోవాలి. తెల్లవారుజాము కన్నా ఎండ కాసిన మధ్యాహ్నం నయం.

ముళ్లు: వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి. వాటికి విషం ఉంటుంది. పోయిన సంక్రాంతికి తమ్ముడికి గుచ్చుకుని చెయ్యి వాచిపోయింది. కాలకుండా, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెట్టిస్తే నొప్పి తగ్గింది. ఆ విషం వేడికి విరుగుతుంది. ముల్లు లోపల ఇరుక్కుంటే మాత్రం ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

"ఆడపిల్లకి గాలమెందుకే?" అనే పక్కింటి మామ్మ ఆ రోజు నన్నే పిలిచి, చేప నోట్లోంచి గాలం తియ్యమంది.