మీకు తెలుసా? గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 బాప్తిస్మములు

1876-78 నాటి మహాక్షామమున అన్నార్తులకు పని కల్పింపనెంచి, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు గైకొని, వేలకొలది నిరుపేదలకు, వారిలో విశేషముగా మాదిగ కుటుంబములకు, కూలి దొరకునట్లు చేసెను. పని విరామములందు తెలుగు బోధకులు వారిచెంత కూర్చుండి సువార్త వినిపించుచుండిరి. అయినను, కూటికొరకే మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై ఆయన నెలల తరబడి ఎవ్వరికిని బాప్తిస్మము జరుగనీయలేదు.

పిమ్మట 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లికడ గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు, ఒక్కమారు ఇద్దరు చొప్పున నీట నిలిచి, వంతులవారీగా 2,222 మందికి ముంచుడు బాప్తిస్మమిచ్చిరి. ఆకలి తీర్చుట వేరు, విశ్వాసమును పరీక్షించుట వేరు. ఆ రెండింటిని కలుపకుండుటయే ఆ సేవకు వన్నె తెచ్చినది.