గే పురుషుల లైంగిక ఆరోగ్యం: ప్రమాదాన్ని పెంచే సామాజిక కారణాలు

కండోమ్ వాడాలని బాగా తెలిసిన వ్యక్తి కూడా ఒక్కోసారి వాడడు. ఎందుకు? 'నిర్లక్ష్యం' అని జవాబు రాసి ఊరుకుంటే సామాజిక శాస్త్ర విద్యార్థిగా మీ పని ఇంకా మొదలుకానట్టే. గే పురుషుల విషయంలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం. (పత్రికల్లో కనిపించే 'స్వలింగ సంపర్కులు' అన్న పదం మనిషిని ఒక శారీరక చర్యకు కుదించేస్తుంది. అందుకే దాన్ని ఇక్కడ వాడడం లేదు.)

రక్షణ లేని ఆసన సంభోగంలో హెచ్.ఐ.వి. సోకే అవకాశం ఎక్కువన్నది జీవశాస్త్ర సత్యం. అయితే రక్షణ ఎందుకు లేకపోయిందో జీవశాస్త్రం చెప్పదు.

మొదట చోటు సంగతి చూడండి. ఇంట్లో ఏకాంతం లేనివారు పార్కుల్లో, నిర్మానుష్య ప్రదేశాల్లో కలుసుకుంటారు. పోలీసులు వస్తారేమో, ఎవరైనా బెదిరించి డబ్బు గుంజుతారేమో అన్న భయంతో అంతా హడావిడిగా ముగుస్తుంది. కండోమ్ గురించి మాట్లాడుకునే వ్యవధి ఉండదు. జేబులో దొరికితే అదే సాక్ష్యమవుతుందని కొందరు దాన్ని వెంట ఉంచుకోరు కూడా.

ఆ భయానికి ఆధారం ఉంది. 2001 జులైలో లక్నోలో గే పురుషుల మధ్య హెచ్.ఐ.వి. నివారణకు పనిచేస్తున్న కార్యకర్తలను పోలీసులు అరెస్టు చేశారు. వారు పంచే అవగాహన సామగ్రిని స్వాధీనం చేసుకున్నారు. భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ కూడా మోపడంతో కార్యకర్తలు నెలన్నరకు పైగా జైల్లో ఉన్నారు. కండోమ్ ఇచ్చేవాడే జైలుకు వెళితే తీసుకునేవాడు ముందుకొస్తాడా?

ఆ ఏడాదే నాజ్ ఫౌండేషన్ ఈ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. విచారణలో ఒక విచిత్రం జరిగింది. హోం మంత్రిత్వ శాఖ సెక్షన్ ఉండాలంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) మాత్రం అది నివారణ కార్యక్రమాలకు అడ్డుపడుతోందని అఫిడవిట్ వేసింది. సాధారణ జనాభాలో 1 శాతం లోపున్న హెచ్.ఐ.వి., పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల్లో 8 శాతం దాటిందని తెలిపింది. ఒకే ప్రభుత్వం, రెండు వాదనలు! 2009లో హైకోర్టు పిటిషనర్ల పక్షాన తీర్పునిచ్చింది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. చివరకు 2018 సెప్టెంబర్ 6న, వయోజనుల మధ్య పరస్పర అంగీకారంతో ఏకాంతంలో సాగే సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టే తేల్చింది. అంతకుముందే, 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 22వ సెక్షన్ ఇలాంటి పురుషులకు కండోమ్‌లు, సమాచారం అందించడాన్ని నేరంగా పరిగణించరాదని స్పష్టం చేసింది. లక్నో కేసును గుర్తుంచుకుని ఈ సెక్షన్ చదవండి, దాని విలువ తెలుస్తుంది.

చట్టం మారినంత త్వరగా ఇల్లు మారలేదు. నా దృష్టిలో ఇప్పుడు ఎక్కువ హాని చేస్తున్నది పెళ్లి ఒత్తిడి. కుటుంబం కోసం పెళ్లి చేసుకున్నవాడు రెండో జీవితాన్ని దాచాలి. ఇంట్లో ఉన్నట్టుండి కండోమ్ వాడితే అనుమానం వస్తుంది. కాబట్టి భార్య కూడా, తనకు తెలియకుండానే, ప్రమాదంలో పడుతుంది. ఆసుపత్రిలో "పెళ్లయిందా?" అని అడుగుతారు. అవునంటాడు. ప్రశ్నలు అక్కడితో ఆగిపోతాయి. మలద్వారంలో గనేరియా సోకినా చాలాసార్లు లక్షణాలు కనిపించవు. మూత్ర పరీక్ష ఒక్కటే చేస్తే అది బయటపడదు.