కంప్యూటరుకు కావలి



నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇప్పుడు డిగ్రీకో, పాలిటెక్నిక్‌కో, ఇంజనీరింగుకో పోయే పిల్లలు లేని ఊరు లేదు. రాత్రి ఒంటిగంట దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కొడుకును "ఏం జేస్తున్నవ్ రా?" అంటే "నేర్చుకుంటున్ననే అమ్మా" అంటాడు. నిజమే కావచ్చు. ఏం నేర్చుకుంటున్నాడో కూడా అడగాలి. కూతురినైనా అంతే. ఎందుకంటే కంప్యూటరు తాళం తీసే విద్య, తాళం వేసే విద్య వేరు వేరు కావు. రెంటినీ కలిపే నేర్చుకుంటారు.

2024లో మన రాష్ట్రంలో జరిగిన సంగతి చూడండి. పోలీసుశాఖవారి హాక్ ఐ అనే యాప్ గురించి మీలో చాలామంది వినే ఉంటారు. ఒంటరిగా ఆటో ఎక్కే ఆడపిల్ల ఆ బండి వివరాలు అందులో పెట్టుకునేది. ఆపద వస్తే మీట నొక్కి పోలీసులకు కబురు చేసేది. అలాంటి యాప్‌లోకే ఎవరో చొరబడి, లోపలి వివరాలను 150 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. అంటే అప్పటి లెక్కన సుమారు 12,500 రూపాయలు! జూన్ నెలలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోవారు ఒకరిని ఢిల్లీలో పట్టుకున్నారు. ఎవరనుకున్నారు? 20 ఏళ్ల విద్యార్థి. బ్యాంకు వివరాలవంటివి పోలేదనీ, ఫోను నంబర్లు, చిరునామాలవంటివి మాత్రమేననీ పోలీసులు చెప్పారు. ఆడవాళ్లకు ఫోను నంబరూ, ఇంటి చిరునామా "మాత్రమే" అనదగినవి కావని నా అభిప్రాయం.

ఇంతకూ పిల్లలకు ఈ హ్యాకింగులో అంత ఆకర్షణ ఏమిటి? డబ్బొక్కటే అనుకోకండి. మూసిన తలుపు తన తెలివితో తెరుచుకున్నప్పటి సంతోషం ఉందే, అది పెద్దది. ఏ కాలేజీలో చదివావు, ఇంగ్లీషు వచ్చా అని అక్కడ ఎవరూ అడగరు. పైగా స్నేహితులు మొనగాడివంటారు. అన్నింటికీ మించి నష్టపోయినవారి ముఖం కంటికి కనబడదు. పక్కింటి పెట్టె తెరవడానికి చేతులు రాని పిల్లవాడికి, లక్షమంది వివరాలు కాపీ చేసుకోవడం తప్పనే తోచదు.

మరి కాపలా ఉద్యోగమో? పల్లి చేనులో పడడానికి అడవిపందికి కంపలో ఒక్క సందు చాలు. కావలివాడు మాత్రం కంప మొత్తం రోజూ తిరిగి చూడాలి. పంది రాని రాత్రి అతణ్ణి మెచ్చుకునేవారుండరు, వచ్చిన రాత్రి తిట్టనివారుండరు. మన ఇంటిపని సంగతి తెలిసిన మీకు ఇది వేరే చెప్పనక్కరలేదు. పాత ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు సరిచేయడం, ఉద్యోగం మానేసినవారి పాస్‌వర్డులు రద్దు చేయడం, ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో ఆ చిట్టా చూడడం, ఇవీ అక్కడి పనులు. రాత్రి డ్యూటీలూ ఉంటాయి.

విసుగు పనులే, కాని అవి జరగనిచోట ఏమవుతుందో హైదరాబాదులోని మహేశ్ బ్యాంకు కథ చెబుతుంది. 2022 జనవరిలో ఆ సహకార బ్యాంకు నుంచి 12 కోట్ల 48 లక్షల రూపాయలు ఎగరేసుకుపోయారు. సిబ్బందికి వచ్చిన దొంగ ఈమెయిళ్లను తెరవడంవల్లనే దారి దొరికిందనీ, రక్షణ ఏర్పాట్లు సరిగా లేవనీ పోలీసులు దర్యాప్తు తర్వాత చెప్పారు.

తాళం తీసే సరదా తీర్చుకునే ఉద్యోగాలు కూడా లేకపోలేదు. మా కంప్యూటర్లలో సందులు వెతికిపెట్టండని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి, జీతమిచ్చే సంస్థలున్నాయి. గూగుల్‌వారు 2010 నుంచి లోపాలు చూపినవారికి బహుమతులిస్తున్నారు. ఎంతవరకు తొంగిచూడవచ్చో ముందే రాసి ఉంటుంది, అది చదవకుండా చేయి పెట్టరాదు. బహుమతి అందరికీ, ప్రతిసారీ రాదు. దాన్ని నమ్ముకుని చదువు మానేయడం మాత్రం తెలివితక్కువ.

ఇంగ్లండుకు చెందిన మార్కస్ హచిన్స్ అనే యువకుడి సంగతి చూడండి. 2017 మే నెలలో వానాక్రై అనే కంప్యూటరు పురుగు దేశదేశాల ఆస్పత్రులను స్తంభింపజేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లకు కూడా పట్టింది. దాని వ్యాప్తిని ఆపినవాడు 22 ఏళ్ల హచిన్సే. లోకమంతా పొగిడింది. ఆగస్టులోనే అమెరికాలో అతణ్ణి అరెస్టు చేశారు! చిన్నతనంలో బ్యాంకు ఖాతాల వివరాలు కాజేసే ప్రోగ్రాము రాసి ఉన్నాడు మరి. 2019లో జడ్జిగారు అతను చేసిన మేలును కూడా లెక్కలోకి తీసుకుని, మళ్లీ జైలుకు పంపకుండా వదిలారు. మధ్యలో రెండేళ్లు కోర్టు పాలయ్యాయి.

"ఊరికే చూసిన, ఏం తీయలే" అని పిల్లలంటారు. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను ప్రకారం, అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే తప్పు, నష్టపరిహారం కట్టవలసి రావచ్చు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లేదా అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

ఒకవేళ మీ పిల్లవాడికి ఏ కాలేజీ కంప్యూటరులోనో, ఏ ఆఫీసు యాప్‌లోనో అనుకోకుండా సందు కనబడిందనుకోండి. అక్కడే ఆగిపొమ్మనండి. ఇంకా లోపలికి పోవద్దు, ఏదీ కాపీ చేయవద్దు, స్నేహితులకు చూపవద్దు. 2004లో ఏర్పడిన సర్ట్-ఇన్ అనే కేంద్రప్రభుత్వ సంస్థ ఇటువంటి లోపాల గురించి ఫిర్యాదులు తీసుకుంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎలా కనబడిందో వారికి రాసి పంపి, ఆ ఉత్తరం నకలు ఒకటి దగ్గర పెట్టుకోమనండి.