స్టోలె సోల్‌బాకెన్

స్టోలె సోల్‌బాకెన్ (జననం: ఫిబ్రవరి 27, 1968) నార్వే దేశానికి చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు. మైదానంలో ఇతడు మిడ్‌ఫీల్డర్, అనగా మధ్యరంగ ఆటగాడు. 1994 నుండి 2000 వరకు నార్వే జాతీయ జట్టు తరఫున 58 మ్యాచ్‌లు ఆడి 9 గోల్స్ చేశాడు. 2001 మార్చి 13న కోపెన్‌హాగెన్‌లో అభ్యాసం చేస్తుండగా ఇతని గుండె హఠాత్తుగా ఆగిపోయింది. వైద్యుల సకాల చికిత్స వలన ప్రాణం దక్కినా, ఆటగాడిగా ఇతని జీవితం అంతటితో ముగిసింది. తరువాత శిక్షకుడిగా మారి డెన్మార్క్‌లో ఎనిమిది లీగ్ విజయాలు సాధించాడు. 2020 డిసెంబరులో నార్వే జాతీయ జట్టు శిక్షకుడిగా నియమితుడై, ఆ జట్టును 28 ఏళ్ళ విరామం తరువాత ప్రపంచకప్‌కు చేర్చాడు.

పేరు

నార్వే భాషలో ఇతని పేరులోని మొదటి అచ్చును 'ఓ'కారంగా పలుకుతారు. కనుక ఆంగ్ల అక్షరాలను బట్టి 'స్టాలె' అని వ్రాయడం కంటె 'స్టోలె' అని వ్రాయడమే ఉచ్చారణకు దగ్గర. ఇంటిపేరులోని 'సోల్' అంటే సూర్యుడు, 'బాకెన్' అంటే గుట్ట లేదా వాలు. ఎండ బాగా తగిలే కొండవాలు అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చును.

తొలి రోజులు

సోల్‌బాకెన్ నార్వే తూర్పు భాగంలో, స్వీడన్ సరిహద్దుకు చేరువలో ఉన్న కోంగ్స్‌వింగర్ పట్టణంలో జన్మించాడు. 1989లో హామర్ పట్టణానికి చెందిన హామ్‌కామ్ క్లబ్బులో చేరి 1993 వరకు అక్కడ ఆడాడు. 1994లో లిల్లెస్ట్రోమ్ క్లబ్బుకు మారాడు. ఆ కాలంలో నార్వే లీగ్‌లో రోసెన్‌బోర్గ్ క్లబ్బుదే ఆధిపత్యం. లిల్లెస్ట్రోమ్ 1994లోను, 1996లోను రెండవ స్థానంలో నిలిచింది.

మధ్యరంగ ఆటగాడి పాత్ర

ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్, రక్షణ శ్రేణి, మధ్య శ్రేణి, దాడి శ్రేణి అని విభజన ఉంటుంది. ప్రత్యర్థి నుండి బంతిని చేజిక్కించుకొని ముందున్న దాడి ఆటగాళ్ళకు అందించడం, అవసరమైనప్పుడు వెనుకకు వచ్చి రక్షణకు తోడ్పడడం మధ్య శ్రేణి వారి బాధ్యత. అందువలన వీరు ఆట సాగినంతసేపూ రెండు వైపులా పరుగెత్తుతూనే ఉండాలి. గుండె మీదా, ఊపిరితిత్తుల మీదా అధిక శ్రమ పడే స్థానమిది. సోల్‌బాకెన్ ఈ స్థానంలో ఆడుతూనే, ముందుకు చొచ్చుకుపోయి గోల్స్ కూడా చేసేవాడు.

ఇంగ్లాండు, డెన్మార్క్

1997 చివరలో ఇతడు ఇంగ్లాండులోని వింబుల్డన్ క్లబ్బులో చేరాడు. అక్కడి మేనేజర్ జో కినియర్‌తో పొసగకపోవడం వలన కొద్ది మ్యాచ్‌లు మాత్రమే ఆడి, 1998లో డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ క్లబ్బుకు వెళ్ళిపోయాడు. ఈ మార్పు ఇతనికి కలిసివచ్చింది. 1998–99లో ఆల్‌బోర్గ్ డెన్మార్క్ లీగ్ విజేతగా నిలిచింది. 2000లో రాజధాని నగరానికి చెందిన ఎఫ్.సి. కోపెన్‌హాగెన్ క్లబ్బులో చేరాడు. అప్పుడు ఆ క్లబ్బు శిక్షకుడు ఇంగ్లాండుకు చెందిన రాయ్ హాడ్జ్‌సన్. ఆ క్లబ్బు 2000–01 లీగ్‌ను గెలుచుకొన్నది. అయితే ఆ సీజన్ ముగిసేనాటికి సోల్‌బాకెన్ మైదానంలో లేడు.

జాతీయ జట్టులో

1990వ దశకం నార్వే ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం. ఎగిల్ ఓల్సెన్ శిక్షణలో ఆ దేశం 1993లోను, 1995లోను ఫిఫా ర్యాంకింగులలో రెండవ స్థానం వరకు ఎగబాకింది. 1998లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచకప్‌కు వెళ్ళిన నార్వే జట్టులో సోల్‌బాకెన్ సభ్యుడు. ఆ పోటీలో నార్వే మొరాకోతో 2–2గా, స్కాట్లాండుతో 1–1గా డ్రా చేసుకొని, జూన్ 23న మార్సేలో బ్రెజిల్‌పై 2–1తో సంచలన విజయం సాధించింది. తరువాతి దశలో ఇటలీ చేతిలో 0–1తో ఓడి ఇంటిదారి పట్టింది. 2000లో జరిగిన ఐరోపా ఛాంపియన్‌షిప్‌లో కూడా ఇతడు జట్టు సభ్యుడు. అక్కడ నార్వే స్పెయిన్‌ను 1–0తో ఓడించినా, తొలి దశను దాటలేకపోయింది. ఆ తరువాత 25 ఏళ్ళ పాటు నార్వే పురుషుల జట్టు ఏ ప్రధాన పోటీకీ అర్హత పొందలేదు.

2001 మార్చి 13

ఆనాడు కోపెన్‌హాగెన్ క్లబ్బు అభ్యాసం జరుగుతుండగా, 33 ఏళ్ళ సోల్‌బాకెన్ ఒక్కసారిగా నేలకొరిగాడు. గుండె కొట్టుకోవడం ఆగిపోయిందని గుర్తించిన జట్టు వైద్యుడు వెంటనే ఛాతీని నొక్కుతూ ప్రథమ చికిత్స మొదలుపెట్టాడు. అంబులెన్సు వచ్చేసరికి వైద్య పరిభాష ప్రకారం ఇతడు మరణించిన స్థితిలోనే ఉన్నాడు. దాదాపు ఏడు నిమిషాల తరువాత గుండె తిరిగి కొట్టుకొన్నది.

అంతకుముందు బయటపడని గుండెలోపం ఇందుకు కారణమని వైద్యులు తేల్చారు. ఇతనికి పేస్‌మేకర్ అమర్చారు. వైద్యుల సలహా మేరకు సోల్‌బాకెన్ ఆట నుండి విరమించుకొన్నాడు.

గుండె ఆగిపోవడం – కొంత వివరణ

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటేనని చాలామంది భావిస్తారు. ఈ రెండింటికీ భేదం ఉన్నది. గుండె కండరానికి రక్తం తీసుకొనివెళ్ళే నాళం మూసుకుపోతే అది గుండెపోటు. ఆ సమయంలో రోగి సాధారణంగా స్పృహలో ఉంటాడు, నొప్పి చెప్పగలుగుతాడు. గుండెను నడిపే విద్యుత్ సంకేతాలు గాడి తప్పి, గుండె రక్తాన్ని పంపు చేయలేని స్థితి వస్తే అది గుండె ఆగిపోవడం. అప్పుడు మనిషి క్షణాలలో స్పృహ తప్పిపోతాడు. గుండెపోటు ఇందుకు దారితీయవచ్చును గాని, సోల్‌బాకెన్ వంటి యువ క్రీడాకారులలో పుట్టుకతో వచ్చిన లోపాలు కూడా కారణమవుతాయి.

రక్తప్రసరణ ఆగిన కొద్ది నిమిషాలలోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం సుమారు 7 నుండి 10 శాతం తగ్గుతుంది. ప్రక్కనున్నవారు ఛాతీ నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు, పెద్దవారిలో కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ ఉంటే మెదడుకు కొంత రక్తం అందుతూ ఉంటుంది. డీఫిబ్రిలేటర్ అనే యంత్రంతో విద్యుత్ ఘాతమిచ్చి గుండె లయను సరిచేస్తారు. కనుక ఇటువంటి సందర్భాలలో సహాయానికి ఫోను చేయడం (మన తెలుగు రాష్ట్రాలలో 108), అంబులెన్సు వచ్చేదాకా ఛాతీని నొక్కుతూ ఉండడం రెండూ ముఖ్యమే. సోల్‌బాకెన్ విషయంలో ఆ తొలి నిమిషాలు వృథా కాలేదు.

అదృష్టం అందరికీ ఒకే విధంగా ఉండదు. 2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మ్యాచ్ ఆడుతూ కామెరూన్ మిడ్‌ఫీల్డర్ మార్క్-వివియెన్ ఫోయె కుప్పకూలి మరణించాడు. 2021 జూన్ 12న డెన్మార్క్ మిడ్‌ఫీల్డర్ క్రిస్టియన్ ఎరిక్సెన్ ఫిన్లాండుతో ఆడుతూ పడిపోగా, మైదానంలోనే జరిగిన చికిత్సతో బ్రతికాడు. ఈ సంఘటన జరిగిన పార్కెన్ స్టేడియం కోపెన్‌హాగెన్ క్లబ్బు సొంత మైదానమే కావడం గమనార్హం. ఎరిక్సెన్ శరీరంలో అమర్చిన డీఫిబ్రిలేటర్‌తోనే 2022లో తిరిగి ఆటకు వచ్చాడు. సోల్‌బాకెన్ మాత్రం మరల ఆడలేదు.

శిక్షకుడిగా

2002లో ఇతడు తన పాత క్లబ్బు హామ్‌కామ్‌కు శిక్షకుడయ్యాడు. 2003లో ఆ జట్టు నార్వే అగ్రశ్రేణి లీగ్‌కు ఎదిగింది, 2004లో అక్కడ ఐదవ స్థానం పొందింది. 2006 ఆరంభంలో కోపెన్‌హాగెన్ క్లబ్బు శిక్షకుడిగా, అనగా తాను మరణాన్ని జయించిన క్లబ్బుకే, తిరిగి వెళ్ళాడు. 2011 వరకు సాగిన ఈ తొలి దఫాలో 2005–06, 2006–07, 2008–09, 2009–10, 2010–11 సీజన్ల లీగ్ టైటిళ్ళు ఆ క్లబ్బుకు దక్కాయి. 2006 నవంబరులో ఛాంపియన్స్ లీగ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 1–0తో ఓడించారు. 2010–11లో బార్సిలోనాతో స్వంత మైదానంలో 1–1గా డ్రా చేసుకొని, గ్రూపులో రెండవ స్థానంతో చివరి 16 జట్లలో చేరారు. ఒక డెన్మార్క్ క్లబ్బు ఈ దశకు చేరడం అదే మొదటిసారి. అక్కడ చెల్సీ చేతిలో ఓడిపోయారు.

విదేశాలలో ఇతని అనుభవం చేదుగా ముగిసింది. జర్మనీలో కొలోన్ క్లబ్బు 2012 ఏప్రిల్‌లో ఇతనిని తొలగించింది. ఇంగ్లాండులో వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ క్లబ్బుకు కొద్ది నెలలు పనిచేశాక, 2013 జనవరిలో దిగువ శ్రేణి జట్టయిన లూటన్ టౌన్ చేతిలో ఎఫ్.ఎ. కప్‌లో ఓడిన వెంటనే పదవి పోయింది. అదే ఏడాది ఆగస్టులో మరల కోపెన్‌హాగెన్ పిలిచింది. ఈ రెండవ దఫాలో 2015–16, 2016–17, 2018–19 లీగ్ టైటిళ్ళు, మూడు డెన్మార్క్ కప్పులు గెలిచాడు. 2020 అక్టోబరులో ఈ పదవి ముగిసింది.

జాతీయ జట్టు పునరుత్థానం

2020 డిసెంబరులో లార్స్ లాగర్‌బాక్ స్థానంలో నార్వే జాతీయ జట్టు శిక్షకుడయ్యాడు. ఎర్లింగ్ హాలండ్, మార్టిన్ ఓడెగార్డ్ వంటి మేటి ఆటగాళ్ళు ఉండి కూడా 2022 ప్రపంచకప్‌కు, 2024 ఐరోపా ఛాంపియన్‌షిప్‌కు నార్వే అర్హత పొందలేదు. ఇతనిపై విమర్శలు వచ్చాయి. అయినా ఫుట్‌బాల్ సంఘం ఇతనిని కొనసాగించింది.

2026 ప్రపంచకప్ అర్హత పోటీలలో నార్వే ఆడిన 8 మ్యాచ్‌లనూ గెలిచింది. మొత్తం 37 గోల్స్ చేసి 5 మాత్రమే ఇచ్చింది. 2025 సెప్టెంబరులో మోల్డోవాపై 11–1తో గెలవడం అందులో ఒకటి. 2025 నవంబరు 16న మిలాన్‌లో ఇటలీని 4–1తో ఓడించి అర్హతను ఖాయం చేసుకొన్నది. 1998 ప్రపంచకప్‌లో తన జట్టును ఇంటికి పంపిన దేశాన్నే ఓడించి, సోల్‌బాకెన్ నార్వేను మరల ఆ పోటీకి చేర్చాడు.

విశేషాలు

ఆటగాడిగాను, శిక్షకుడిగాను ఇతడు ప్రపంచకప్ అర్హతను చూశాడు. డెన్మార్క్ లీగ్ విజయాన్ని ఆల్‌బోర్గ్, కోపెన్‌హాగెన్ క్లబ్బులతో ఆటగాడిగా, తరువాత కోపెన్‌హాగెన్‌తో శిక్షకుడిగా పొందాడు. ఇతడు ఆటగాడిగా ఆడుతూ కుప్పకూలినదీ, శిక్షకుడిగా అత్యధిక విజయాలు సాధించినదీ ఒకే క్లబ్బులో.