ఉక్కునగరం ఖాతాలో గాలి బాకీ

జంషెడ్‌పూర్: సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట ఒకప్పుడు సాక్చీ అనే చిన్న గ్రామం ఉండేది. చుట్టూ సాల వృక్షాల అడవి, సంతాల్, హో గిరిజనుల పల్లెలు, దూరాన దల్మా కొండలు. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ ఇక్కడ నెలకొల్పిన కర్మాగారంలో 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె తయారయింది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. భారత పారిశ్రామిక చరిత్రలో ఆ తొలి దిమ్మెకు గల స్థానం అందరికీ తెలిసినదే. భూగోళ చరిత్రలోనూ దానికొక స్థానం ఉన్నదన్న విషయాన్ని మాత్రం మనం ఆలస్యంగా గ్రహించాం.

యాదృచ్ఛికమే కావచ్చుగాని, ఆ మరుసటి నెలలోనే, అంటే 1912 మార్చిలో, అమెరికాకు చెందిన ‘పాపులర్ మెకానిక్స్’ పత్రిక ఒక వ్యాసం ప్రచురించింది. ప్రపంచంలోని కొలుములు ఏటా 200 కోట్ల టన్నుల బొగ్గును దహిస్తున్నాయనీ, తత్ఫలితంగా 700 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరుతున్నదనీ, అది భూమికి దుప్పటి కప్పినట్లయి వేడిని పెంచగలదనీ అందులో వివరించారు. దాని ప్రభావం ప్రస్ఫుటం కావడానికి కొన్ని శతాబ్దాలు పట్టవచ్చునని భావించారు. ఒక్క శతాబ్దమే సరిపోయింది. ప్రపంచం నేడు ఏటా దహిస్తున్న బొగ్గు 850 కోట్ల టన్నులకు పైమాటే. 1912 నాటికి గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు దాదాపు 300 పాళ్లుగా ఉన్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 పాళ్లు దాటిపోయింది.

ఇందులో ఉక్కు వాటా చిన్నదేమీ కాదు. ఇంధన వినియోగం మూలంగా ప్రపంచంలో వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు 7 శాతం ఈ ఒక్క పరిశ్రమదే. కారణం కేవలం వేడి కోసం బొగ్గు మండించడం కాదు. ఇనుప ఖనిజంలో ఇనుముతో పెనవేసుకొని ఉన్న ప్రాణవాయువును విడదీసే పని కూడా బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ బొగ్గే చేస్తుంది. అలా విడివడిన ప్రాణవాయువు బొగ్గుతో కలిసి గొట్టం ద్వారా బయటికి పోతుంది. ఈ పద్ధతిలో ఒక టన్ను ఉక్కు చేతికి రావాలంటే రెండు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలవవలసిందే.

అంతమాత్రాన కొలిమిని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. మన రైలు పట్టాలు, వంతెనలు ఆ కొలిమి ఇచ్చినవే. 1943లో ప్రారంభమైన హౌరా వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో అధిక భాగం టాటాలదే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పొట్టచేత పట్టుకొని వచ్చిన వేలాది తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టింది కూడా ఈ ఊరే. బిష్టుపూర్‌లోని ఆంధ్రుల రామమందిరం ఆ వలసకు నేటికీ సాక్షిగా ఉన్నది.

వార్తాసంస్థల వార్తలను నిత్యం తెనిగించే నాబోటి వారికి ఒక వైచిత్రి కనిపిస్తూ ఉంటుంది. ఉక్కు ఉత్పత్తి పెరిగిందన్న వార్త ఆర్థిక పుటలో వస్తుంది. తుపాను వార్త మరో పుటలో వస్తుంది. రెండింటికీ గల బంధుత్వాన్ని ఏ పుటా చెప్పదు. 2018 అక్టోబరు 11న పలాస వద్ద తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఏ ఒక్క తుపానునూ ఏ ఒక్క కర్మాగారానికీ అంటగట్టలేము. అయితే వేడెక్కిన సముద్రం తుపానులకు అదనపు బలాన్నిస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. కొడుకు కొలిమి వద్ద సంపాదిస్తుంటే, ఆ కొలిమి వేడి అంతో ఇంతో స్వగ్రామంలోని తండ్రి తోటను తాకుతున్నదన్నమాట.

మరి ఈ బాకీ ఎవరిది? భారతీయుని తలసరి ఉక్కు వినియోగం ఏడాదికి 100 కిలోల ప్రాంతంలోనే ఉన్నది. ప్రపంచ సగటు 200 కిలోలకు మించి ఉన్నది. ఏటా అమెరికాలో తలకు దాదాపు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుండగా, మన దేశంలో అది 2 టన్నుల స్థాయిలోనే ఉన్నది. ఇళ్లు, వంతెనలు ఇంకా కట్టుకోవలసిన దేశాన్ని ఉక్కు మానమనడం భావ్యం కాదు. అయితే గాలికి ఈ వాదనతో నిమిత్తం లేదు. అది ఎవరి టన్నునైనా ఒకే విధంగా లెక్కిస్తుంది.

మార్గాంతరాల అన్వేషణ ఇక్కడా ఆరంభమైంది. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు నుంచి రోజుకు 5 టన్నుల బొగ్గుపులుసు వాయువును వేరుచేసే యూనిట్‌ను 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. ఏటా కోటి టన్నుల స్థాయిలో ఉక్కు తీసే కర్మాగారానికి ఇది సముద్రంలో కాకిరెట్ట వంటిదే. 2023 ఏప్రిల్‌లో ‘ఇ’ బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి హైడ్రోజన్‌ను పంపే ప్రయోగం జరిగింది. ప్రాణవాయువును హైడ్రోజన్ విడదీస్తే మిగిలేది నీరే. కాని ఆ హైడ్రోజన్‌ను ఉత్పత్తి చేసే విద్యుత్తు బొగ్గు నుంచి వస్తే ప్రయోజనం శూన్యం. పరిశుభ్రమైన విద్యుత్తుతో తయారు చేయాలంటే ఖర్చు ఎక్కువ. 2045 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని టాటా స్టీల్, 2070 నాటికి తెస్తామని భారత ప్రభుత్వం ప్రకటించి ఉన్నాయి.

ఈ మార్పు మూల్యం ఎంతటిదో బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్ ఇప్పటికే చవిచూసింది. అక్కడి టాటా కర్మాగారంలో చివరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 2024 సెప్టెంబరు 30న ఆర్పివేశారు. తుక్కు ఇనుమును కరిగించే విద్యుత్ కొలిమి కోసం బ్రిటిష్ ప్రభుత్వం 50 కోట్ల పౌన్లు ఇవ్వజూపింది. అయినా 2,800 వరకు ఉద్యోగాలు పోతాయని కంపెనీ ముందే ప్రకటించింది. గాలికి మేలు జరిగిన రోజే ఆ ఊరి కార్మికుడు వీధిన పడ్డాడు.

జంషెడ్‌పూర్‌కు ఆ గతి పట్టరాదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో 32 మంది ప్రాణాలర్పించి సాధించుకున్న విశాఖ కర్మాగారానికీ ఇదే ప్రశ్న ఎదురు కానున్నది. కొలిమి మారవలసిందే. అయితే ఆ మార్పునకయ్యే ఖర్చు వందేళ్లుగా ఉక్కు ఫలాలు అనుభవించిన వారందరూ పంచుకోవలసినది. అందులో సంపన్న దేశాలున్నాయి, కంపెనీలున్నాయి, వంతెన దాటిన ప్రతి ఒక్కరూ ఉన్నారు. కొలిమి ఎదుట చెమటోడ్చిన కార్మికునికి కొత్త పని నేర్పవలసింది పాత కొలిమిని ఆర్పక ముందే గాని, ఆ తరువాత కాదు. బాకీ అందరిదీ అయినప్పుడు వసూలు ఒక్కరి ఇంటి వద్దే మొదలు పెట్టడం ధర్మం అనిపించుకోదు.