నోటిమాటకు కమీషను



మన కృష్ణాతీరమున అంగడివారు ప్రకటనలకు వెచ్చించు ధనముకంటె ఇరుగమ్మ పొరుగమ్మతో చెప్పు ఒక్క మాటయే ఎక్కువ బేరమును తెచ్చును. బెజవాడ బీసెంటు రోడ్డున పది దుకాణములు వరుసగా నున్నను, "వదినా, నేను ఫలానా చోట కొంటిని, రంగు పోలేదు" అను మాట విన్న యామె తక్కిన తొమ్మిదింటిని దాటి అచ్చటికే పోవును. ఈ మాటకు వెల కట్టవచ్చునా, కట్టినచో ఎట్లు కట్టవలయును అను సంగతిని ఈ నెల ముచ్చటింప దలచితిమి. ఇందు మా తప్పొకటి కూడ చెప్పుకొనక తీరదు.

బేరమును తెచ్చినవారికి ప్రతిఫల మిచ్చుట నేటి వింత గాదు. పెండ్లిండ్ల పేరయ్యలు సంబంధము కుదిర్చి సంభావన పుచ్చుకొనుట మన పెద్దలెరిగినదే. మచిలీపట్టణమున 1611లో ఇంగ్లీషు కంపెనీవారు వర్తకస్థానము నెలకొల్పిన పిమ్మట, వారికిని నేతగాండ్రకును నడుమ దుబాసీలును మధ్యవర్తులును నిలిచి లాభము పొందిరి. నున్న మామిడి మార్కెట్టున రైతు సరకును అమ్మించి కమీషను పుచ్చుకొను వ్యాపారులు నేడును గలరు. అమ్మవారి దర్శనమునకై స్టేషనులో దిగిన యాత్రికుని, తనకు కమీషనిచ్చు లాడ్జికే చేర్చు ఆటోవారును లేకపోలేదు.

అయితే వీరందరును బేరగాండ్రని లోకమెరుగును. వారి మాటను జనులు కొంత తరుగు తీసియే విందురు. ఇరుగుపొరుగువారి మాట అట్టిది గాదు. దమయంతికి నలుని గుణములు చెప్పిన హంసను తలచుకొనుడు. తన్ను పట్టి విడిచిన వాని మంచితనమును అది చెప్పినది, ఆమె నమ్మినది. ఆ హంస నలుని కడ నూటికి ఐదు వంతులు పుచ్చుకొని వచ్చినదని దమయంతికి తరువాత తెలిసియున్నచో ఏమనుకొనెడిది?

మా తప్పు ఇట్టిదే. నిరుడు మాకు పరిచయమైన ఒక బట్టల దుకాణదారు, "అమ్మా, మీకు తెలిసినవారిని పంపుడు, కొన్న సొమ్మునకు నూటికి ఐదు మీకిత్తుము" అనెను. బడిపంతులు గారి జీతముతో సంసారమీదు మాకు ఆ మాట తీయగా వినబడినది. మా యెదురింటి యామె కుమార్తె పెండ్లి చీరలకై ఎచ్చటికి పోవలయునని అడుగగా ఆ దుకాణమునే చెప్పితిమి. వారు 60,000 రూపాయల బట్టలు కొనిరి. మాకు 3,000 రూపాయలు ముట్టినవి. ఆ మాట మేమామెకు చెప్పలేదు. దాచవలయునని కాదు, చెప్పుటకు నోరాడక.

నెల తిరుగక మునుపే దుకాణపు గుమాస్తా నోట ఆమెకు సంగతి తెలిసెను. ఆమె మాపై కోపింపలేదు. "అక్కయ్యగారూ, మీరు చెప్పిన చోటని నేను బేరమాడలేదండీ" అని మాత్రము అనెను. ఆ సొమ్ము తిరిగి యియ్యబోయితిమి, పుచ్చుకొనలేదు. అటు తరువాత చాల దినములు ఆమె మమ్ము ఏమియు అడుగుట మానుకొనెను. చీరలు మంచివే, ధర సరియైనదే కావచ్చును. కాని ఆమె మా మాటను హితవుగా తలచి బేరము విడిచినది. మేము ఆ మాటను అమ్ముకొంటిమి. తప్పు కమీషనులో లేదు, దాచుటలో నున్నదని మాకప్పుడు బోధపడెను.

ఇట్లుండగా మొన్న వేసవిలో మా వీధిలోని యొక వితంతువు, ముందరి గదిలో రవికెలు కుట్టు అంగడి పెట్టుకొని, "పిన్నిగారూ, మనుష్యులను పంపినవారికి ఏమైన ఇత్తునందునా? ఎట్లు చేసిన మంచిది?" అని మమ్మడిగెను. మా అనుభవమును ముందు పెట్టుకొని ఆమెతో కూర్చుండి లెక్క వేసితిమి. అంగడి పెట్టుకొన్న సోదరీమణులకు ఉపయోగపడునని ఆ లెక్కను ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట తెలియవలసినది తన లాభమెంత యనునది. లైనింగు రవికెకు ఆమె పుచ్చుకొనునది 400 రూపాయలు. అందు లైనింగు గుడ్డకు 80, దారము హుక్కులకు 20, కుట్టుపని మనిషికి 150, అద్దె కరెంటుల వంతునకు 50 పోగా 100 రూపాయలు మిగులును. కమీషను ఈ 100లోనుండి రావలయునే గాని, ధర పెంచి కొనువారి కొంగున కట్టరాదు. కావున 40 రూపాయలు తీసి, పంపిన యామెకు 20, వచ్చిన యామెకు తగ్గింపుగా 20 అని నిర్ణయించితిమి. అంగడికి 60 మిగులును. ఇది మొదటి రవికెకు మాత్రమే. కుట్టు నచ్చి ఆమె రెండవమారు వచ్చినచో 100యు అంగడివే. ప్రతి రవికెకును ఇయ్యబూనినచో లాభములో నూటికి నలువది వంతులు ఎల్లకాలము పోవును. చీరలవంటి ధర మారు సరకునకైనచో లాభముపై నూటికింత యని పెట్టుట మేలు.

రెండవది చీటి. పంపు నామె చిన్న కాగితముపై తన పేరును తేదీని వ్రాసి యిచ్చును. ఆ చీటి మీదనే "దీనిని తెచ్చిన మీకు 20 రూపాయలు తగ్గింపు, పంపినవారికి 20 రూపాయలు" అని అచ్చు వేయించితిమి. అందరికిని తెలిసిన కమీషను ఎవరి మనస్సును నొప్పింపదు. తగ్గింపు చేతిలో నున్నను బేరమాడు హక్కు కొనువారికి ఉండనే యుండును.

మూడవది చెల్లింపు. రవికె సరిపోయినదని తీసికొని పోయిన పిమ్మటనే పంపినవారి పేరు పుస్తకమున ఎక్కవలయును. తిరిగి వచ్చిన సరకునకు కమీషను లేదు. ప్రతి నెల 5వ తేదీన అడుగకయే సొమ్ము పంపవలయును. నేడు ఫోనులోనే పంపుటకు వీలున్నది గనుక 20 రూపాయలైనను చిన్నతనము లేదు. పుచ్చుకొనువారికిది ఆదాయమే గనుక తమ లెక్కలో వ్రాసికొనవలయును.

నాల్గవది మిక్కిలి ముఖ్యము. కమీషను ఒక్క మెట్టుతో ఆగవలయును. మీరు చేర్చిన యామె మరియొకరిని చేర్చినచో అందును మీకు భాగము, వారు చేర్చినవారిపైనను భాగము అని గొలుసు అల్లరాదు. అందు సరకు వెనుకబడి, మనుష్యులను చేర్చుటయే వ్యాపారమగును. ముందు సొమ్ము కట్టించుకొని ఇట్లు గొలుసు నడపు పథకములను 1978 నాటి చట్టము నిషేధించినది. 2021లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమములును పిరమిడు పథకములను కూడదనినవి. మంచి అంగడి కమీషను మీకిచ్చును గాని మీ కడ డిపాజిటు అడుగదు.

డబ్బు దాచు వ్యవహారములలో ఈ మాటసాయము ఎంత ప్రమాదమో మన బెజవాడకు బాగుగా తెలియును. ఇచ్చట కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ కమీషను ఏజెంట్ల ద్వారా పలు రాష్ట్రములలో లక్షలాది జనుల కడ డిపాజిట్లు స్వీకరించి తిరిగి చెల్లింపలేకపోయినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నవంబరులో 10,000 రూపాయల లోపు కట్టినవారికిని, 2021 ఆగస్టులో 20,000 లోపు వారికిని తన ఖజానానుండి చెల్లించినది. ఆ ఏజెంట్లలో పెక్కండ్రు మనవంటి ఊరివారే, బంధువులే. సంస్థ దూరముగా నుండెను. సొమ్ము పోయినవారు వచ్చి నిలిచినది ఏజెంటు గుమ్మము ముందు. రవికె చెడినచో తిరిగి కుట్టవచ్చును. కూతురు పెండ్లికని దాచిన సొమ్ము చెడినచో ఏ మాటతో అతుకు వేయగలము?

వైద్యమునందును ఇట్టి కమీషను తగదు. రోగిని పంపినందులకు వైద్యుడు కమీషను ఇచ్చుటయు పుచ్చుకొనుటయు కూడదని 2002 నాటి వైద్య మండలి నియమములు చెప్పుచున్నవి. ప్రాణముతో పనియున్న చోట "ఎక్కడికి పోవలయును?" అని యెవరైన అడిగినచో, మనకేమియు ముట్టని మాటనే చెప్పవలయును.

మంగళగిరి చీరలు, పెదన కలంకారీ అద్దకములు, చిలకలపూడి రోల్డుగోల్డు నగలు ఇంటివద్ద అమ్ముకొను సోదరీమణులు మన ప్రాంతమున పెక్కండ్రు గలరు. వారికి పెద్ద అంగళ్ళవలె ప్రకటనలిచ్చు శక్తి లేదు. మన నోటిమాటయే వారికి పెట్టుబడి. ఆ మాటకు వారు ప్రేమతో ఇచ్చు 20 రూపాయలు పుచ్చుకొనుటలో సిగ్గు లేదు. కాని సరకును మనము వాడి చూడక చెప్పరాదు. ముట్టు సొమ్మును దాచరాదు. సరకు బాగులేనినాడు "ఇప్పుడక్కడ వలదు" అను ధైర్యమును వదలరాదు.

కుట్టు అంగడి చీటీలు అచ్చయి వచ్చిన దినముననే మొదటి చీటిని మా యెదురింటి యామెకు ఇచ్చితిమి. "ఇందులో మాకు 20 రూపాయలు ముట్టును" అని మొదటనే చెప్పితిమి. ఆమె చీటిని చదివి నవ్వి, కొంగున ముడి వేసికొని పోయెను. సాయంకాలము కుట్టు నామె వచ్చి, "పిన్నిగారూ, మీరు పంపిన యామె రెండు రవికెలిచ్చినది గాని, గట్టిగా బేరమాడి మరి 30 రూపాయలు తగ్గించుకొన్నదండీ" అనెను. ఆ మాట విని మాకు కలిగిన సంతోషము ఆ 20 రూపాయలవలన కలిగినది గాదు.